సొట్టతో ఎగిరే విమానం, చిన్న లోపానికే ఆగిపోయే విమానం

రేణిగుంట విమానాశ్రయంలో ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం ఎక్కేవాళ్లు విమానం పక్కనుంచే వెళ్లి తోక దగ్గరున్న మెట్లెక్కుతారు. అంత దగ్గర్నుంచి చూస్తే కొత్తగా మెరిసే విమానం మీద కూడా పాత గుర్తులు బయటపడతాయి. తలుపు అంచున చిన్న సొట్ట, పెయింట్ లేచిపోయిన చోటు, రెక్క మీద అతికించిన వెండి రంగు టేపు. "దీంట్లోనా మనం వెళ్లేది?" అని పక్కవాళ్లను అడగడం సహజం. ఇంకో రోజు ఇదే తిరుపతికి రావాల్సిన విమానాన్ని, పైకి ఏ మచ్చా లేకపోయినా, సాంకేతిక లోపం ఉందంటూ హైదరాబాద్‌లో గంటల తరబడి ఆపేస్తారు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం స్లాటు దాటిపోతుందన్న టెన్షన్‌తో కౌంటర్ దగ్గర గొడవ మొదలవుతుంది.

సొట్ట ఉన్నది ఎగురుతుంది, బాగున్నట్టు కనిపించేది ఆగుతుంది. చూసేవాళ్లకు ఇది పొంతన లేని వ్యవహారంలా ఉంటుంది. నిజానికి రెండు నిర్ణయాలూ ఒకే పద్ధతిలోంచి వస్తాయి. ఏదైనా భాగం పాడైతే, ఊడిపోతే, దాంతో ఎగరొచ్చా లేదా అన్నది కంటికి ఎంత వికారంగా కనిపిస్తోందన్న దాన్నిబట్టి తేలదు. ఆ లోటును ఎవరు చూశారు, ఎక్కడ రాశారు, దానికి బదులుగా ఏం వదులుకున్నారు, ఎన్ని రోజుల్లో బాగుచేయాలి, ఇవాళ వెళ్లే దారికి అలా వెళ్లడం సరిపోతుందా అన్న వాటిని బట్టి తేలుతుంది. ఈ ప్రశ్నలకు జవాబు ఉన్నంతవరకు లోపంతో ఎగరడం నమ్మదగిన పనే. జవాబు లేనప్పుడో, జవాబు రాసిపెట్టి దాని షరతును మరిచిపోయినప్పుడో ప్రాణాలు పోయాయి.

లోపాల జాబితా

ప్రయాణికుల విమానంలో ముఖ్యమైన ప్రతి పనికీ ఒకటికి రెండు, కొన్నిటికి మూడు ఏర్పాట్లు ఉంటాయి. అందులో ఒకటి పనిచేయకపోయినా మిగతావాటితో క్షేమంగా వెళ్లగలిగే సందర్భాలు చాలా ఉంటాయి. అవి ఏవన్నది కెప్టెన్ అప్పటికప్పుడు ఊహించి చెప్పే విషయం కాదు. విమానం రకాన్ని బట్టి ఒక మూల జాబితా తయారవుతుంది. దాన్ని తయారీదారు దేశంలోని విమానయాన నియంత్రణ సంస్థ ఆమోదిస్తుంది. దాని ఆధారంగా ప్రతి ఎయిర్‌లైన్ తన సొంత జాబితా రాసుకుంటుంది. మన దేశంలో దానికి ఇక్కడి నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం కావాలి. దీన్నే మినిమం ఎక్విప్‌మెంట్ లిస్ట్ అంటారు, పనిలో ఉన్నవాళ్ల నోట ఎంఈఎల్. మూల జాబితా కన్నా ఎయిర్‌లైన్ జాబితా కఠినంగా ఉండొచ్చు గానీ, సడలింపుగా ఉండకూడదు.

జాబితాలో ఒక భాగం పేరు ఉంటే, అది మొత్తం ఎన్ని ఉన్నాయి, కనీసం ఎన్ని పనిచేయాలి, ఏ షరతుతో వెళ్లొచ్చు అన్నది పక్కనే ఉంటుంది. ఇంజినీర్లు చేయాల్సిన పని వేరుగా, పైలట్లు పాటించాల్సిన పద్ధతి వేరుగా గుర్తించి ఉంటాయి. గడువు కూడా ఉంటుంది. లోపాలకు ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు. 'ఏ' తరగతి లోపానికి గడువు ఆ అంశం పక్కనే రాసి ఉంటుంది. బీ తరగతికి 3 రోజులు, సీ తరగతికి 10 రోజులు, డీ తరగతికి 120 రోజులు. లోపాన్ని కనిపెట్టిన రోజును ఈ లెక్కలోకి తీసుకోరు. జాబితాలో అసలు పేరే లేని భాగం, అంటే విమానం ఎగరడానికి తప్పనిసరైన ఏ భాగమైనా, పనిచేసి తీరాలి. బేరం లేదు.

ఈ పద్ధతి ప్రయాణికులకు కనపడకుండానే వాళ్ల పక్కన నడుస్తూ ఉంటుంది. సీటు బెల్టు పాడైతే ఆ సీట్లో ఎవరినీ కూర్చోనివ్వరు. టాయిలెట్‌లో పొగ పసిగట్టే పరికరం పనిచేయకపోతే ఆ టాయిలెట్‌కు తాళం పడుతుంది. ఎయిర్‌బస్ ఏ320 తోకలో ఏపీయూ అనే చిన్న ఇంజిన్ ఉంటుంది. విమానం నేలమీద ఉన్నప్పుడు కరెంటు, ఏసీ, పెద్ద ఇంజిన్లను స్టార్ట్ చేయడానికి కావాల్సిన గాలి అన్నీ అక్కణ్ణుంచే. అది పాడైనా విమానం వెళ్లొచ్చు. కాకపోతే దిగే విమానాశ్రయంలో ఆ గాలిని, కరెంటును ఇచ్చే బండ్లు ఉండాలి. మే నెలలో తలుపులు వేసిన విమానంలో చెమటలు పడుతుంటే కొన్నిసార్లు కారణం ఇదే. వాతావరణ రాడార్ పనిచేయకపోయినా, దారిలో ఉరుముల మేఘాలు లేవన్న సూచన ఉంటే వెళ్లనిస్తారు. ఏప్రిల్ ఉదయం తిరుపతికి అలా రావడం కుదరొచ్చు. ఈశాన్య రుతుపవనాలు కుమ్మరించే నవంబరులో అదే విమానం, అదే లోపంతో ఆగిపోవాల్సిందే. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వాన చూసినవాళ్లకు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

లోపం నమోదు చేసే పుస్తకాన్ని టెక్ లాగ్ అంటారు. పైలట్ అందులో స్నాగ్, అంటే కనిపించిన లోపం, రాస్తారు. లైసెన్సున్న ఇంజినీరు, అంటే ఏఎంఈ, పరీక్షించి జాబితాలో ఏ అంశం కింద వదులుతున్నారో రాసి సంతకం పెడతారు. కాక్‌పిట్‌లో ఆ స్విచ్ పక్కన స్టిక్కర్ పడుతుంది. ఇంత జరిగినా చివరి మాట కెప్టెన్‌దే. జాబితా అనుమతించినంత మాత్రాన వెళ్లి తీరాలన్న రూలు లేదు. ఇవాళ్టి వాతావరణానికి, ఈ రన్‌వేకు ఇది సరిపోదనిపిస్తే బాగుచేసి ఇవ్వమని అడిగే హక్కు కెప్టెన్‌కు ఉంది. ఆ హక్కును వాడుకున్న కెప్టెన్ వల్లే కొన్ని ఆలస్యాలు వస్తాయి. అలాంటి ఆలస్యానికి కోప్పడటం న్యాయం కాదు.

ఊడిపోయిన ముక్కకు కట్టే మూల్యం

లోపల పనిచేయని పరికరాల సంగతి ఒకటైతే, బయట లేకుండా పోయిన ముక్కల సంగతి వేరు. వాటికి ఇంకో జాబితా ఉంది. పేరు కాన్ఫిగరేషన్ డీవియేషన్ లిస్ట్, వాడుకలో సీడీఎల్. రెక్క కింద పడవ ఆకారంలో కనిపించే తొడుగులు, చిన్న చిన్న మూతలు, తలుపుల అంచు పట్టీలు, రెక్క చివర పుల్లల్లా వేలాడుతూ స్థిర విద్యుత్తును గాల్లోకి వదిలేసే కడ్డీలు వంటివాటి గురించి అందులో ఉంటుంది. ఇవి లేకపోతే విమానం విరిగిపోదు. గాలి ఒరుసుకుపోవడం కొంచెం పెరుగుతుంది. ఆ కొంచెం ఎంతన్నదే అసలు లెక్క.

రెండు ఇంజిన్ల విమానం టేకాఫ్ అవుతుండగా ఒక ఇంజిన్ ఆగిపోయినా, చక్రాలు లోపలికి వెళ్లాక ఇంకో ఇంజిన్ మీదే కనీసం 2.4 శాతం వాలుతో పైకి ఎక్కగలగాలి. అంటే వంద మీటర్లు ముందుకు వెళ్తే 2.4 మీటర్లు పైకి. ప్రతి టేకాఫ్‌కు ముందు విమానం బరువును ఈ లెక్కకు సరిపెట్టుకుంటారు. రెక్క కింద తొడుగు ఒకటి లేకపోతే గాలి అడ్డు పెరిగి ఎక్కే శక్తి ఆ మేరకు తగ్గుతుంది. కాబట్టి సీడీఎల్‌లో ఆ తొడుగు ఎదురుగా ఇన్ని కిలోలు తగ్గించు అని రాసి ఉంటుంది. రెండు ముక్కలు లేకపోతే రెండు కోతలూ కలుస్తాయి. ఒకే వ్యవస్థకు చెందిన ముక్కలు ఒకటికి మించి లేకపోతే, ప్రత్యేకంగా అనుమతి రాసి ఉంటే తప్ప వెళ్లడానికి వీల్లేదు. అసలు ప్రభావమే లేదనిపించే అతి చిన్న ముక్కలను కూడా లెక్కపెడతారు. అలాంటివి మూడు దాటితే వాటికీ బరువు కోత మొదలవుతుంది.

ఇక్కడే రేణిగుంట లెక్కలోకి వస్తుంది. ఇక్కడి రన్‌వే పొడవు 2,286 మీటర్లు. ఏటీఆర్‌కు ధారాళంగా సరిపోతుంది, ఏ320 కూడా రోజూ దిగుతుంది, ఎగురుతుంది. కానీ పెద్ద నగరాల విమానాశ్రయాల్లో దొరికే మిగులు ఇక్కడ లేదు. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం మామూలు. 15 డిగ్రీల గాలితో పోలిస్తే ఆ వేడిలో గాలి సాంద్రత సుమారు 8 శాతం తగ్గుతుంది. రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్ ఇచ్చే తోపుడు తగ్గుతుంది. ఉత్తరాన శేషాచలం కొండలున్నాయి. ఇన్ని కలిసిన మధ్యాహ్నం పూట, పెద్ద రన్‌వే మీద లెక్కలోకే రాని బరువు కోత ఇక్కడ పది బ్యాగులుగానో, కొన్ని సీట్లుగానో కనిపించవచ్చు. విమానం వచ్చాక సామాను తరువాతి విమానంలో వస్తుందని చెబితే నిర్లక్ష్యమనే అనుకుంటాం. నిర్లక్ష్యం వల్లా సామాను ఆగుతుంది, నిజమే. లెక్క సరిపెట్టడానికీ ఆగుతుంది.

తిరుపతి వాళ్లకు ఇది ఘాట్ రోడ్డు బస్సు లాంటి లెక్కే. అద్దం పగిలిన బస్సును చిత్తూరు దాకా నడపడం ఒకటి, ఆ మూలమలుపుల్లో కొండమీదికి ఎక్కించి దించడం ఇంకొకటి. బస్సు అదే, దారి వేరు.

పైనుంచి ముక్క ఊడిపోవడాన్ని ఇంత పట్టించుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఊడిన ముక్క ఎక్కడో ఒకచోట పడుతుంది. 2000 జులై 25న పారిస్‌లో ఒక డీసీ-10 విమానం నుంచి రాలిన లోహపు పట్టీ రన్‌వే మీద పడింది. దాని వెనకే టేకాఫ్‌కు వచ్చిన కాంకార్డ్ టైరు ఆ పట్టీ మీదుగా వెళ్లి పేలింది. టైరు ముక్క ఇంధన ట్యాంకుకు తగిలింది. విమానంలో ఉన్న 109 మంది, నేలమీద నలుగురు చనిపోయారు. పట్టీ పొడవు అర మీటరు కూడా లేదు. దాన్ని పోగొట్టుకున్న డీసీ-10 మాత్రం క్షేమంగా గమ్యం చేరింది. ముక్క లేకపోవడం ఆ విమానానికి చిన్న విషయమే. అయినా, ముక్క ఊడిందని ఎవరికైనా వెంటనే తెలిసి ఉంటే రన్‌వేను ఊడ్పించేవాళ్లు.

సొట్టలో రెండు రకాలు

సొట్ట విషయంలో అది ఎక్కడ పడిందన్నదే ముఖ్యం. రెక్క కింద తొడుగుకు పడిన సొట్ట, బాడీకి పడిన సొట్ట పైకి ఒకేలా కనిపించినా ఒకటి కావు. 35 వేల అడుగుల ఎత్తులో బయట గాలి పలుచగా ఉంటుంది, లోపల మనుషులు ఊపిరి పీల్చుకోవడానికి ఒత్తిడి పెంచుతారు. లోపలికీ బయటికీ తేడా చదరపు అంగుళానికి 8 పౌండ్ల దాకా ఉంటుంది. మన లెక్కలో చదరపు మీటరుకు ఐదున్నర టన్నులకు పైమాటే. ఒక తలుపంత రేకు మీద ఒక లారీ సరుకంత బరువు లోపల్నుంచి తోస్తున్నట్టు. ఎక్కిన ప్రతిసారీ బాడీ ఉబ్బుతుంది, దిగిన ప్రతిసారీ సర్దుకుంటుంది. సొట్ట అంచున సన్నటి పగులు ఉంటే ప్రతి ప్రయాణంలో అది కొంచెం పొడుగవుతుంది. రెక్క కింద తొడుగుకు ఈ బాధ లేదు.

అందుకే బాడీ మీద సొట్టకు లోతు, వెడల్పు, రివెట్ల వరస నుంచి దూరం, లోపలి ఫ్రేమ్ నుంచి దూరం కొలుస్తారు. ఆ కొలతలు తయారీదారు ఇచ్చిన మరమ్మతు పుస్తకంలోని హద్దుల్లో ఉన్నాయా అని చూస్తారు. హద్దుల్లో ఉంటే దాన్ని విమానం తాలూకు సొట్టల పటంలో గుర్తించి వదిలేస్తారు. తరువాత ఏ ఊళ్లో ఏ ఇంజినీరు చూసినా ఇది పాతదా, కొత్తదా అని పటం చూసి చెప్పగలగాలి. విమానం మీద చాలా సొట్టలు ఇలాంటి లెక్కలో ఉన్నవే. సామాను బండి, మెట్ల బండి, పక్షి, వడగళ్లు వీటికి కారణాలు. కొత్త తరం విమానాల్లో ఇది ఇంకాస్త కష్టం. బోయింగ్ 787 బరువులో సగం దాకా కార్బన్ ఫైబర్ లాంటి మిశ్రమ పదార్థాలే. లోహపు రేకు దెబ్బ తగిలితే సొట్టపడి చెబుతుంది. మిశ్రమ పదార్థం పైకి దాదాపు మామూలుగానే ఉండి లోపల పొరలు విడిపోవచ్చు. అలాంటి చోట బండి తగిలించిన లోడర్ భయపడి చెప్పకపోతే, దాన్ని కంటితో కనిపెట్టే అవకాశం చాలా తక్కువ. చెప్పినందుకు ఉద్యోగం పోదన్న భరోసా ఆ లోడర్‌కు ఉండటం కూడా విమాన భద్రతలో భాగమే. కాంట్రాక్టు పనివాళ్ల మీద నడిచే విమానాశ్రయాల్లో ఈ భరోసా గురించి గట్టిగా అడగాల్సిన అవసరం ఉంది.

సరిగా చేయని మరమ్మతు, చేయని మరమ్మతు కన్నా ఎక్కువ మోసం చేస్తుంది. 1978లో ఒసాకాలో దిగుతూ ఒక జపాన్ ఎయిర్‌లైన్స్ 747 తోక నేలకు రాసుకుంది. వెనకవైపు ఒత్తిడిని ఆపే గోడను బాగుచేశారు, అతుకు వేసిన తీరు మాత్రం తప్పు. ఏడేళ్లు ఎగిరింది. 1985 ఆగస్టు 12న ఆ గోడ బద్దలై 520 మంది చనిపోయారు. ఒక్క విమానం ప్రమాదంలో అంతమంది పోవడం అంతకుముందు లేదు, ఆ తరువాతా లేదు.

ఇక వెండి టేపు. చాలామందిని భయపెట్టేది ఇదే, నిజానికి భయపడాల్సిన అవసరం అన్నిటికన్నా తక్కువ ఉన్నదీ ఇదే. దాన్ని స్పీడ్ టేప్ అంటారు. అల్యూమినియం రేకుకు గట్టి జిగురు పూసి చేస్తారు. పెయింట్ లేచిన చోట, మూత అంచున ఉన్న సందులో, గాలి, నీరు దూరకుండా తాత్కాలికంగా అంటిస్తారు. 787 రెక్కల మీద అతినీలలోహిత కిరణాలకు పెయింట్ పట్టు వదిలి పెచ్చులూడిన చోట్ల ఈ టేపు అంటించిన ఫొటోలు చాలా తిరిగాయి. బరువు మోసే భాగాన్ని టేపుతో కలిపి ఉంచరు. మరమ్మతు పుస్తకం అనుమతించిన చోటే అంటించి, అదీ టెక్ లాగ్‌లో రాస్తారు.

ఏటీఆర్‌లో ఇంకోటి చూసి కూడా కంగారుపడేవాళ్లున్నారు. కుడివైపు ఇంజిన్ చప్పుడు వినిపిస్తుంటుంది, ప్రొపెల్లర్ మాత్రం కదలదు. అది లోపం కాదు. ఏటీఆర్‌కు ఏపీయూ ఉండదు. కుడి ఇంజిన్ ప్రొపెల్లర్‌కు బ్రేకు వేసి, ఆ ఇంజిన్‌తోనే నేలమీద కరెంటు, ఏసీ నడుపుతారు.

అనుమతి ఉండీ జరిగినవి

జాబితా సక్రమంగా ఉంది, సంతకాలు ఉన్నాయి, అయినా విమానం పోయిన సందర్భాలున్నాయి. ఎంఈఎల్ గురించి మాట్లాడేవాళ్లు వీటిని దాటేసి వెళ్లకూడదు.

2007 జులై 17న బ్రెజిల్‌లోని సావో పాలో నగరంలో టామ్ ఎయిర్‌లైన్స్ ఏ320 కాంగోన్యాస్ విమానాశ్రయంలో దిగింది. దాని కుడి ఇంజిన్ థ్రస్ట్ రివర్సర్, అంటే దిగాక ఇంజిన్ తోపుడును ముందుకు మళ్లించి వేగం తగ్గించే ఏర్పాటు, నాలుగు రోజులుగా పనిచేయడం లేదు. జాబితా ప్రకారం అలా ఎగరడం పూర్తిగా చట్టబద్ధం. కానీ ఆ లోపం ఉన్నప్పుడు దిగాక ఇంజిన్ లివర్లను ఎలా కదపాలన్నదానికి ప్రత్యేక పద్ధతి ఉంటుంది. ఆ సాయంత్రం ఎడమ లివర్ వెనక్కి వచ్చింది, కుడి లివర్ మాత్రం పైకి ఎక్కేటప్పుడు ఉండే చోటే ఉండిపోయింది. దాంతో కుడి ఇంజిన్ ముందుకు తోస్తూనే ఉంది. రెక్క మీద లేవాల్సిన పలకలు లేవలేదు, ఆటోమేటిక్ బ్రేకులు పట్టలేదు. రన్‌వే పొడవు 1,940 మీటర్లు, వాన పడి తడిగా ఉంది, కొత్తగా పరిచిన పైపొర మీద నీరు జారిపోయే గాడులు ఇంకా కొట్టలేదు. విమానం రన్‌వే దాటి, రోడ్డు మీదుగా దూసుకెళ్లి ఒక భవనాన్ని ఢీకొంది. మొత్తం 199 మంది చనిపోయారు.

అక్కడ రివర్సర్ ఒక్కటే లేకపోతే ఏమీ అయ్యేది కాదు. వాన ఒక్కటే అయితే ఏమీ అయ్యేది కాదు. పొట్టి రన్‌వే, తడి, పనిచేయని పరికరం, దానివల్ల మారిన చేతి అలవాటు, ఇవన్నీ ఒకే నిమిషంలో కలిశాయి. జాబితా ఒక్కో లోపాన్ని విడిగా తూచి చెబుతుంది. ఇవాళ్టి రన్‌వేతో, ఇవాళ్టి వానతో, ఇవాళ్టి అలసటతో కలిపి తూచాల్సింది మనుషులే. రేణిగుంట లాంటి మధ్యస్థాయి రన్‌వే మీద దిగే విమానానికి రివర్సర్ లోపాన్ని ఎన్ని ఊళ్లు తిప్పారన్నది అందుకే చిన్న ప్రశ్న కాదు.

రెండోది, పదేపదే వచ్చే చిన్న లోపం. 2014 డిసెంబరు 28న సురబయ నుంచి సింగపూర్ వెళ్తూ సముద్రంలో పడిన ఎయిర్ ఏషియా విమానం కూడా ఏ320యే. 162 మంది పోయారు. తోకలో చుక్కాని ఎంత తిరగాలో హద్దు పెట్టే పరికరంలో ఒక సోల్డర్ అతుకు పగిలింది. దానివల్ల హెచ్చరిక వచ్చేది, రీసెట్ చేస్తే పోయేది. అంతకుముందు 12 నెలల్లో ఆ లోపం 23 సార్లు నమోదైందని ఇండోనేసియా దర్యాప్తు తేల్చింది. ప్రతిసారీ ఏదో ఒకటి చేశారు, రాశారు, విమానాన్ని వదిలారు. ఆ రోజు గాల్లో అదే హెచ్చరిక పదేపదే వస్తుంటే, నేలమీద వాడే పద్ధతిలో సర్క్యూట్ బ్రేకర్లు లాగినట్టు దర్యాప్తు నివేదిక చెబుతోంది. ఆటోపైలట్ పోయింది, విమానం పక్కకు ఒరిగింది, ఆ తరువాత దాన్ని అదుపు చేయలేకపోయారు. 23 సార్లు రాసిన పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి కలిపి చదివినవాళ్లు లేకపోవడమే ఇందులో అన్నిటికన్నా బాధపెట్టే విషయం.

మూడోది అసలు రాయనిది. 1991 సెప్టెంబరు 11న అమెరికాలోని టెక్సస్‌లో కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ నడిపే చిన్న ఎంబ్రాయర్ విమానం గాల్లో విరిగిపోయింది. ముందురోజు రాత్రి తోక రెక్క అంచున మంచు తొలగించే రబ్బరు తొడుగు మార్చే పని మొదలుపెట్టారు. ఒక షిఫ్టు వాళ్లు ఎడమవైపు పైనున్న 47 స్క్రూలు తీశారు. ఆ సంగతి తరువాతి షిఫ్టుకు చేరలేదు, కాగితం మీదికీ ఎక్కలేదు. వాటిని తిరిగి బిగించకుండానే తెల్లారి విమానం బయల్దేరింది. కిందికి దిగుతూ వేగం అందుకున్నప్పుడు ఆ అంచు ఊడింది, 14 మంది చనిపోయారు. ఆ స్క్రూలు లేకుండా ఎగరడానికి ఏ జాబితా కూడా అనుమతి ఇచ్చేది కాదు. ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఎవరికీ తెలియదు.

జాబితాను అర్థం చేసుకోవడంలో గందరగోళం వచ్చినా ఇదే ముప్పు. 1983 జులై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 ఇంధనం చూపించే మీటర్లు పనిచేయకుండానే బయల్దేరింది. జాబితా దానికి ఒప్పుకోదు. ఇంధనాన్ని చేత్తో కొలిచి, కిలోల బదులు పౌండ్ల లెక్క వేశారు. కావాల్సినదాంట్లో సగం కూడా లేకుండా ఎగిరి, 41 వేల అడుగుల ఎత్తులో ఇంజిన్లు ఆగిపోయాయి. పైలట్ల నైపుణ్యం వల్ల గిమ్లీ అనే చోట పాత సైనిక రన్‌వే మీద దించగలిగారు, 69 మందీ బతికారు.

చిన్న విమానాశ్రయంలో అసలు ఇబ్బంది

మన దేశంలో ఈ విషయం మీద డీజీసీఏ 2022 జులైలో గట్టిగానే మాట్లాడింది. వరసగా సాంకేతిక సంఘటనలు జరిగాక ఆకస్మిక తనిఖీలు చేసి మూడు విషయాలు చెప్పింది. లోపానికి అసలు కారణం సరిగా కనిపెట్టడం లేదు, ఎంఈఎల్ కింద విమానాలను వదిలేయడం పెరుగుతోంది, తక్కువ వ్యవధిలో వచ్చిపోయే విమానాలకు చాలినంతమంది అర్హత ఉన్న ఇంజినీర్లు లేరు. మూడోది ముఖ్యంగా తిరుపతి లాంటి చోట్లకు వర్తిస్తుంది. ఎయిర్‌లైన్ల సొంత స్థావరాలు హైదరాబాద్, చెన్నై, బెంగళూరులలో ఉంటాయి. రేణిగుంట వాళ్ల లెక్కలో వచ్చి కాసేపాగి వెళ్లిపోయే స్టేషన్. ఇలాంటి స్టేషన్లలో కూడా బీ1 (యంత్ర భాగాలు), బీ2 (ఎలక్ట్రానిక్స్) లైసెన్సులున్న ఇంజినీర్లే విమానాన్ని విడుదల చేయాలని అప్పట్లో ఆదేశించింది.

2025 జూన్‌లో పెద్ద విమానాశ్రయాల్లో జరిపిన నిఘాలోనూ ఇలాంటివే బయటపడ్డాయి. బాగుచేశామన్న లోపాలు మళ్లీ మళ్లీ రావడం, విమానం తనంతట తాను చెప్పిన లోపాలు టెక్ లాగ్‌లో లేకపోవడం, టైరు అరిగిపోయి ఒక విమానం ఆగిపోవడం వాటిలో ఉన్నాయి. రెక్క చివర తుప్పు పట్టకుండా వేసిన టేపు దెబ్బతిని ఉండటం కూడా ఆ పట్టికలో ఉంది. టేపు ఉండటం తప్పు కాదు, టేపు చెడిపోయినా ఎవరూ చూడకపోవడం తప్పు.

రేణిగుంటలో విమానం ఆగిపోతే విడిభాగం చెన్నై నుంచి రోడ్డు మీదైనా రావాలి, ఇంకో విమానంలోనైనా రావాలి. పని తెలిసిన ఇంజినీరు కూడా రావాల్సి రావచ్చు. అందుకే పెద్ద ఊళ్లో 40 నిమిషాల్లో అయ్యే పని ఇక్కడ ఆరు గంటలు పడుతుంది. ప్రయాణికులతో వెళ్లడానికి వీల్లేనంత దెబ్బ తగిలితే ఇంకో మార్గం ఉంది. నియంత్రణ సంస్థ ప్రత్యేక అనుమతితో, అవసరమైన సిబ్బంది మాత్రమే ఎక్కి, మరమ్మతు జరిగే చోటికి ఖాళీ విమానాన్ని తీసుకెళ్తారు. మనల్ని దించేసి ఖాళీగా ఎలా ఎగిరిందని కొందరు అడుగుతుంటారు. ఖాళీగా ఉన్నది కాబట్టే ఆ అనుమతి.

రన్‌వేను 3,810 మీటర్లకు పొడిగించాలన్న ప్రణాళికను ఇక్కడ ఎక్కువగా విదేశీ సర్వీసుల కోసమనే చెబుతుంటారు. రన్‌వే పొడవు పెరిగితే వేసవి మధ్యాహ్నం బరువు కోతలు తగ్గుతాయి, బ్రేకులు, రివర్సర్ వంటి లోపాలతో దిగే విమానానికి మిగులు దొరుకుతుంది. ఈ కారణం దుబాయ్ విమానం కన్నా తక్కువదేమీ కాదు. దాంతో సమానంగా అడగాల్సింది ప్రతి విమానం వేళకూ అర్హత ఉన్న ఇంజినీరు స్టేషన్‌లో ఉండాలని.

కిటికీలోంచి ఏదైనా కనిపిస్తే

1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ 737 పైకప్పు గాల్లో లేచిపోయింది. ఒక ఎయిర్ హోస్టెస్ ప్రాణం పోయింది, మిగతావాళ్లతో విమానం దిగగలిగింది. 89 వేలకు పైగా ప్రయాణాలు చేసిన విమానం అది. ఎక్కేటప్పుడు తలుపు దగ్గర బాడీ మీద పొడుగాటి పగులు చూశానని ఒక ప్రయాణికురాలు తరువాత దర్యాప్తులో చెప్పారు. అప్పుడు ఎవరితోనూ అనలేదు. విమానం నడిపేవాళ్లకు తెలిసే ఉంటుందనుకోవడం మనందరికీ ఉన్న అలవాటు.

వేలాడుతున్న మూత, కారుతున్న ద్రవం, వరసలో లేని స్క్రూలు, గాలికి కొట్టుకుంటున్న టేపు వంటివి కనిపిస్తే తలుపు మూయకముందే క్యాబిన్ సిబ్బందికి చెప్పాలి. ఎడమ రెక్కా కుడి రెక్కా, ముందువైపా వెనకవైపా అన్నది చెబితే చాలు, వాళ్లు కెప్టెన్‌కు చేరవేస్తారు. అది పటంలో ఉన్న పాత సొట్టే అయితే చూసి చెప్పడానికి రెండు నిమిషాలు. ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టడం వల్ల విమానానికి ఏ ఉపయోగమూ లేదు.

విమానాన్ని ఆపేస్తే అడగాల్సినవి వేరే ఉన్నాయి. రెండున్నర గంటల లోపు ప్రయాణానికి రెండు గంటలు ఆలస్యమైతే భోజనమో ఫలహారమో ఇవ్వాలని డీజీసీఏ నియమం. ఆలస్యం ఆరు గంటలు దాటితే వేరే విమానమో, టికెట్ డబ్బు పూర్తిగా వాపసో కోరవచ్చు. వీటిని గట్టిగానే అడగాలి. "ఎలాగోలా పోనివ్వండి" అని మాత్రం అడగకూడదు, ఎందుకంటే కౌంటర్ దగ్గర పుట్టిన ఆ ఒత్తిడి ఇంజినీరు సంతకం దాకా ప్రయాణం చేస్తుంది. దర్శనం టికెట్ తీసుకునేటప్పుడు విమానం దిగే వేళకూ స్లాటుకూ మధ్య కనీసం ఒక పూట వదులుకుంటే, ఆ మాట అనాల్సిన అవసరమే చాలావరకు రాదు.